పడుగుకు ఇద్దరు

పార్టిసిపేట్ అనే ఇంగ్లీషు క్రియకు రాజారత్నం సారు ఏటా మూడు పీరియడ్లు ఇచ్చేవాడు. ఆ రోజుల్లో నగరిలో ఆయన దగ్గర పదో తరగతి చదివిన ఎవరినైనా నిద్రలేపి అడగండి, ఆ మూడు పీరియడ్లూ తడుముకోకుండా అప్పజెబుతారు.

మొదటి పీరియడు అంతా తేడాలే. బోర్డు మీద మూడు మాటలు రాసేవాడు: అటెండ్, జాయిన్, పార్టిసిపేట్. "మూడూ ఒకటే గదా సార్" అని ఎవడో ఒకడు అనాలి. అనకపోతే ఆయనకు ఊపు వచ్చేది కాదు.

"ఒకటేనా? పుత్తూరులో పెండ్లి. నువ్వు పోయినావు. కుర్చీలో కూర్చున్నావు, అక్షింతలేసినావు, తిన్నావు, తాంబూలం తీసుకొని బస్సెక్కినావు. ఇది అటెండు. పెండ్లోళ్ళు వ్యాన్లో పోతా వుంటే దారిలో చెయ్యెత్తి నువ్వూ ఎక్కినావు. ఇది జాయిను. ఆడికి పోయినాక సాంబారు బకెట్టు పట్టుకొని బంతిలో వడ్డించినావు, సగం నీ చొక్కా మీదే పోసుకున్నావు. ఇదీ పార్టిసిపేట్ అంటే!"

రెండో పీరియడు మొత్తం 'ఇన్' కోసం. పార్టిసిపేట్ వెనకాల 'ఇన్' రాయకుండా నేరుగా ఆట పేరో, సభ పేరో రాస్తే అర మార్కు కోత. "గుమ్మం లేని ఇల్లు కట్టినావు గదరా, లోపలికి యాడ నించి పోతావు?" అని పేపరు గాలిలో ఆడించేవాడు. వెనకాల ఏ పేరూ లేనప్పుడు మాత్రం ఆ మాట ఒంటరిగా నిలబడగలదు. దానికి ఆయన ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటే: అందరూ ఆడారు, వాడు మాత్రం పార్టిసిపేట్ చెయ్యలేదు.

మూడో పీరియడులో ఆయన ఇంగ్లీషు వదిలి తెలుగులోకి వచ్చేవాడు. పాల్గొనడం అంటే ఏమిటి? పాలు అంటే వంతు. కొనడం అంటే తీసుకోవడం. ఇంగ్లీషు మాటను విప్పినా లోపల ఉండేవి ఆ రెండే, వంతూ తీసుకోవడమూ. "ల్యాటినోడు యాడ, మనం యాడ! ఇద్దురికీ ఒకే ఆలోచన వచ్చిండాది సూడండ్రా" అని, ముక్కు మీద సుద్దపొడితో, ఆ సంగతి తనకు అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యపోయేవాడు.

ఇంత చెప్పిన మనిషి తన నలభై ఏళ్ళు దాటిన జీవితంలో చేసినదల్లా అటెండ్ మాత్రమే. ఈ సంగతి నగరిలో అందరికీ తెలుసు. ఆయనకు తెలుసో లేదో చెప్పడం కష్టం.

పెళ్ళిళ్ళకు పోయేవాడు. గోడవారగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చునేవాడు. ఆటలపోటీల రోజున గెలిచినవాళ్ళ పేర్లు రిజిస్టరులో అందమైన అక్షరాలతో రాసేవాడు. ఒక ఏడు డ్రిల్లు మాస్టరు మునెయ్య ఊరుకోకుండా, ఉపాధ్యాయుల తాడు పోటీలో ఆయన్ని లాక్కొచ్చి చిట్టచివర నిలబెట్టాడు. ఈల మోగింది. అందరూ ఒళ్ళు విరిచి లాగారు. తాడు అరచేతిలో గీరుకోగానే రాజారత్నం సారు మర్యాదగా వదిలేశాడు. ముందున్న ఏడుగురు మాస్టర్లూ ఒకరి మీద ఒకరు ముందుకు బోర్లా పడ్డారు. ఆయన మాత్రం ఇస్త్రీ నలగకుండా నిలబడి, "దెబ్బ తగిలిందా మునెయ్యగారూ?" అని పరామర్శించాడు. మునెయ్య ఆ తర్వాత ఆయన్ని దేనికీ పిలవలేదు.

ఆయన పిరికివాడా అంటే కాదు, గర్విష్ఠి అంతకంటే కాదు. ఆయన్ని అలా తయారు చేసింది వాళ్ళ నాయన మునివెంకటప్ప. నేతవాళ్ళ వీధిలో మూడు తరాలుగా గుంతమగ్గం ఆడిన ఇల్లు అది. పెద్దకొడుకు కుప్పుస్వామి పదేళ్ళకే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాడు. చిన్నకొడుక్కి అక్షరాలు తొందరగా వస్తున్నాయని చూసి, మునివెంకటప్ప ఒట్టు పెట్టుకున్నాడు, వీడి చేతికి గంజి అంటనివ్వనని. ఎనిమిదో ఏట పుత్తూరులో మేనమామ ఇంటికి చదువుకు పంపేశాడు. సెలవులకు వచ్చినప్పుడు వీధిలో అందరూ పనిలో ఉంటే, పిల్లవాడు ఇంటి ముందరి తిన్నె దిగబోయేవాడు. "నువ్వు ఆడనే కూచో నాయనా. చొక్కా చెడిపోతాది" అనేవాడు తండ్రి. పిల్లవాడు కూర్చున్నాడు. చూడటం బాగా నేర్చుకున్నాడు. 'తమ్ముడి బీయే పట్టా అన్న మగ్గం మీద నేసిందే' అని వీధిలో ఒక మాట ఉండేది. అది నిజం కూడాను.

అన్నదమ్ములిద్దరూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళు. కుప్పుస్వామి భార్య చాలా ఏళ్ళ కిందటే పోయింది, పిల్లలు లేరు. ఇంటిని నడిపేది రాజారత్నం భార్య పంకజాక్షి. ఆమె శ్రీకాళహస్తి పిల్ల. పెళ్ళయి వచ్చేనాటికి మగ్గాన్ని దగ్గరగా చూసి ఎరగదు.

ఆ వీధిలో పని ఎలా జరుగుతుందో చెప్పాలి. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని పడుగు అంటారు. మగ్గం ఎక్కే ముందు దానికి గంజి పట్టించాలి, లేకపోతే నేతలో పోగులు పటపట తెగిపోతాయి. గంజిలో నానిన పడుగును తెల్లవారుజామున వీధి పొడుగునా సాచుతారు. కత్తెరలా కట్టిన వెదురుకర్రల మీద అది నడుమెత్తున, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా, తెల్లటి చాపలా పరుచుకుంటుంది. ఇద్దరు పెద్దకుంచెలతో దువ్వుతూ పోతారు. మిగతావాళ్ళు రెండు వైపులా నిలబడి పోగులు విడదీస్తారు, తెగినవి అతుకుతారు. ఎండ ముదిరేలోగా ముగించాలి. వీధి అంతా చేతులు పెడితే గాని అయ్యేది కాదు. అందుకని అక్కడ ఒక కట్టు ఉంది: ఎవరి పడుగు సాచినా ప్రతి ఇంటినుంచీ ఒకరు రావాలి, పడుగు ఎవరిదో ఆ ఇంటినుంచి మాత్రం ఇద్దరు నిలబడాలి. కూలి లేదు, కాఫీ ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆ ఇంటి ఇద్దరూ కుప్పుస్వామి, పంకజాక్షి. శ్రీకాళహస్తి పిల్ల రెండో నెలకే చీర కుచ్చిళ్ళు పైకి దోపి వీధిలో దిగింది. సారు అదే సమయానికి తిన్నె మీద పేపరు చదివేవాడు. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. సారు కదా.

డెబ్భై ఎనిమిది కార్తీకంలో కుప్పుస్వామికి టైఫాయిడ్ తగిలింది. ఇరవైఒక్క రోజులు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. అప్పటికే పడుగు గంజిలో నానుతోంది. ఆపైన రెండు రోజులు విడవని ముసురు. గంజి పులిసి వాసన పట్టింది. ఇంకొక్క రోజు దాటితే నూలు మురిగిపోతుంది.

అది మామూలు పడుగు అయితే పోనీ అనుకోవచ్చు. కిందటిసారి పడుగు వానకు తడిసి పాడైంది. నూలు ఇచ్చే షావుకారు అప్పుడే చెప్పేశాడు, ఇది కూడా చెడితే ఇక నూలు ఇచ్చేది లేదని. రైల్వే గేటు అవతల పవర్‌లూమ్ షెడ్లు లేస్తున్నాయి. "ఈ పడుగు పోతే మగ్గం పీకేస్తా రత్నం" అన్నాడు కుప్పుస్వామి, దుప్పటిలోంచి. "షెడ్డులో దినకూలికి పోతా. ఈ వయసులో నాకు ఇంగేం వస్తాది?"

రాజారత్నం పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు.

ఆ సాయంత్రం చెంగల్రాయుడు వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, వీధిలో పెద్దకుంచె ఆయనదే. ఆకాశం వంక చూసి, "రేపు పొద్దున కాస్త ఎండ వస్తాది. మద్యానం మళ్ళా మబ్బే. మీ పడుగు సాచాల్సింది రేపే. మీ ఇంటి నించి ఎవురెవురు?" అన్నాడు.

"నేనుండాను పెదనాయనా" అంది పంకజాక్షి.

"ఇంగొకరు?"

కుప్పుస్వామి లేవబోయాడు. పంకజాక్షి భుజం పట్టి పడుకోబెట్టింది. రాజారత్నం గొంతు సవరించుకున్నాడు.

"కూలికి ఒక మనిషిని పెడితే కుదరదా పెదనాయనా? నేనిచ్చుకుంటా."

చెంగల్రాయుడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఈ వీదిలో పడుక్కి కూలోణ్ణి నిలబెట్టింది ల్యా సారూ. ఈ పొద్దు మీరు పెడితే రేపు నా పడుక్కి పంకజాక్షి బదులు కూలోడొస్తాడు. ఎల్లుండి సుబ్బులమ్మ పడుక్కి ఇంగోడొస్తాడు. దానికి వీదెందుకు? షెడ్డే మేలు గదా" అని లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "అయిదున్నరకు సాచతాం" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు అయిదున్నరకు రాజారత్నం సారు తిన్నె దిగాడు. దిగడం దిగాడు గాని ఏం కట్టుకుని దిగాలో తెలియలేదు. మల్లుపంచె, పొడుగు చేతుల చొక్కా, చేతికి వాచీ, జేబులో పెన్ను, కాళ్ళకు చెప్పులు. ఎదురింటి సుబ్బులమ్మ చూసింది. ఆమెకు యాభై దాటాయి. రాజారత్నం చెడ్డీతో తిరగడం చూసిన మనిషి.

"ఏం సారూ, ఇన్‌స్పెక్షనుకు వచ్చినారా?"

వీధి అంతా నవ్వింది. పంకజాక్షి నవ్వలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, వాచీ విప్పి, తిన్నె మీద పెట్టింది. చెప్పులు ఆయనే విడిచాడు.

పడుగు సాచారు. చెంగల్రాయుడు ఆయన్ని నడిమధ్యన, సుబ్బులమ్మ పక్కన నిలబెట్టాడు. "తెగిన పోగు కనిపిస్తే అతుకుతా పోండి. మీకు తెలీనిది ఏముంటాది సారూ!" అని కుంచె తీసుకుని సాగిపోయాడు.

ఇక్కడ ఆయన ఒక మాట అనవలసింది. చాలా చిన్నమాట. 'నాకు తెలీదు' అని. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఆయన పెట్టిన పోరు అదే, తెలియకపోతే లేచి నిలబడి అడగండి, సిగ్గుపడితే చదువు రాదు అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది. వీధి పొడుగునా ఇరవై ముఖాలు, అందులో సగం ఆయన పాఠం విన్న పిల్లల అమ్మానాన్నలు. మాట వెనక్కి పోయింది.

తెగిన పోగు కనిపించింది. రెండు కొసలూ పట్టుకుని ముడి వేశాడు. తడినూలు కదా, జారుతుందేమోనని దాని మీద ఇంకో ముడి వేశాడు. లాగి చూశాడు. రాయిలా ఉంది. అబ్బ, ఇంతేనా! అనుకున్నాడు.

రెండోది, మూడోది. పదోది వేసేసరికి వేళ్ళకు తీరిక లేదు. గంజి మోచేతుల దాకా పాకింది. ఎండ వీపు మీద పడుతోంది. కుంచెలు సర్‌సర్‌మని పోయి వస్తున్నాయి. అవతలి వైపున పంకజాక్షి ఎవరితోనో మాట్లాడుతూ, చేతులవంక చూడకుండానే పోగులు విడదీస్తోంది. ఈమె పదకొండేళ్ళుగా ఇక్కడ ఇంత నవ్వుతోందా! ఆయన ఇంట్లో ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు. పడుగు వారగా సైకిలు దిగి నడిపించుకుపోతున్న ఇద్దరు విద్యార్థులు "గుడ్మార్నింగ్ సార్" అన్నారు. మామూలుగా అయితే ముడుచుకుపోయేవాడే. ఆవేళ గంజిచెయ్యి ఎత్తి ఊపాడు. మంచం దిగొద్దన్నా వినక తిన్నె మీదికి వచ్చి, దుప్పటి కప్పుకుని, గోడకు ఆనుకుని చూస్తున్న అన్న వైపు కూడా ఒకసారి గర్వంగా చూశాడు. తాను అతికిన పోగుల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. నలభై ఒకటి.

తొమ్మిదయింది. పని అయిపోవచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టాలని కొందరు ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. చెంగల్రాయుడు ఆఖరుసారిగా పడుగు అడుగున అరచెయ్యి ఆనించి, ఒక చివరి నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు. నడిమధ్యకు వచ్చి ఆగాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు. వంగి, కింద నుంచి చూశాడు.

"ఎవురిదమ్మా ఈ చెయ్యి?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ముడులు. ఇదో, ఇదో. రేగ్గాయంత ఒక్కోటి. ఎవురేసినారు?"

నేత తెలిసినవాళ్ళెవరికీ అంతకంటే చెప్పనక్కర్లేదు. మగ్గం మీద ప్రతి పోగూ దువ్వెన పళ్ళలాంటి సన్నటి అచ్చులోంచి దూరాలి. ముడి అక్కడికి రాగానే ఆగుతుంది, లాగితే తెగుతుంది, తన పక్క పోగుల్ని కూడా తెంపుకుపోతుంది. అటువంటివి నలభై అంటే ఆ పడుగు నేతకు పనికిరాదు.

చెంగల్రాయుడి చూపు సుబ్బులమ్మ మీద పడింది. నడిమధ్యన నిలబడింది ఆమే. సారును అనుమానించాలని ఆయనకు తట్టనైనా తట్టలేదు.

"నన్నెందుకప్పా సూస్తావు? నలభై ఏండ్లుగా పోగు అతుకుతా వుండా. నా చేతి ముడి ఒకటి సూపించు, ఆ చెయ్యి తీసి నీ కుంచెకు కట్టుకో!"

రాజారత్నం సారుకు చెవులు వేడెక్కాయి. ముడి వేయకూడదా? మరి అతకమన్నారే! ఆయన నేలవంక చూశాడు. ఇప్పుడు ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే, సుబ్బులమ్మా చెంగల్రాయుడూ పోట్లాడుకుంటారు, ఆ గందరగోళంలో ఎవరో ఏదో సర్దుతారు. అంతవరకూ నిలబడి చూస్తే చాలు. ఆ విద్య ఆయనకు పుట్టుకతో వచ్చినట్టే.

"నేనేసినానేమో పెదనాయనా" అంది పంకజాక్షి, అవతలి వైపు నుంచి. "మాటల్లో పడి సూసుకోలేదు."

ఆయన తలెత్తి భార్య వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. పదకొండేళ్ళలో ఆమె చేతిలో ఒక్క పోగు చెడి ఎరగదు. ఆ పేరు సంపాదించుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది, పోవడానికి ఆ ఒక్కమాట చాలు.

రాజారత్నం సారు చెయ్యెత్తాడు. క్లాసులో పిల్లలు ఎత్తినట్టు, మోచెయ్యి చెవికి ఆనించి, నిటారుగా. గంజి మోచేతి మీదుగా చొక్కాలోకి కారింది.

"నేను" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా వాళ్ళకు తోచలేదు.

సుబ్బులమ్మే ముందు తేరుకుంది. పడుగు అడుగున వేళ్ళు పోనిచ్చి తడిమింది. ఒకటి, రెండు, అయిదు. ముఖం ఎర్రబడింది.

"ఒరే రత్నం!" అంది. ఆ పిలుపు ఆయన విని ముప్ఫై ఏళ్ళయింది. "ఏందిరా ఇది? పేపర్ల కట్టకు దారం కట్నావా? ముడి మింద ముడి! ఇది అచ్చులో దూరతాదా? మీయన్న పీనుగులా పడుండాడు ఆడ, ఈ పడుగొకటే గదరా వాడికి దిక్కు! తెలీకపోతే అడిగేదానికి నోరు ల్యా?"

"ఎవరూ చెప్పలేదు గదక్కా..."

"సారుకు ఎవురు చెప్తారప్పా! నువ్వు అడిగితే గదా!"

తిన్నె మీద నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. కుప్పుస్వామి. "వాణ్ణి తిట్టొద్దు సుబ్బక్కా. మా నాయన వాణ్ణి తిన్నె దిగనీలే. వాడికి యాడ తెలుస్తాది?"

ఆ మాట వెనకేసుకు రావడానికే అన్నాడు. తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

"దిగినాడు గదా ఇప్పుడు" అంది సుబ్బులమ్మ. "రానీ. నేర్చుకోనీ."

తూర్పున మబ్బు కడుతోంది. గంజి ఆరుతోంది. పూర్తిగా ఆరితే ముడి విప్పినా పోగు పెళుసుగా విరుగుతుంది. గంట వ్యవధి కూడా లేదు. చెంగల్రాయుడు కుంచె పక్కన పెట్టి నడుం వంచాడు. చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టినవాళ్ళు తిరిగి వచ్చారు. 'దేవకమ్మా, పొయ్యి ఆర్పి రామ్మే' అని ఒకరు కేకేశారు. పడుగుకు అటు పదిమంది, ఇటు పదిమంది.

సుబ్బులమ్మ రాజారత్నాన్ని పక్కన నిలబెట్టుకుంది. "ముడిని కత్తిరించు. బొటనేలికి గంజి అద్దుకో. రెండు కొసల్నీ పక్కపక్కన పండబెట్టు. ముడేసినావో, చేతి మింద కొడతా. పురి తిప్పు. ఊరికే తిప్పు, పసిబిడ్డ చెవి నులిమినట్టు."

తిప్పాడు. ఊడింది. తిప్పాడు. సుబ్బులమ్మ లాగి చూసింది, ఊడింది. "మళ్ళీ." మూడోది ఊడింది. నాలుగోది అతికినట్టే అతికి, ఆయన ఊపిరి వదలగానే ఊడింది. "గాలి పీల్చుకోకుండా చెయ్యమంటినా? సచ్చిపోతావు. మెల్లంగా." అవతలి వైపున పంకజాక్షి ఈపాటికి ఆరో ముడి తీస్తోంది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. ఏడోసారి పురి పడింది. సుబ్బులమ్మ లాగింది. నిలిచింది.

"ఊఁ" అంది. "ఇంగోటి."

నలభై ఒకటిలో ఆయన స్వయంగా సరిచేసింది తొమ్మిది. మిగతావి వీధి సరిచేసింది. పడుగును చుట్టి ఇంట్లోకి చేర్చేసరికి మొదటి చినుకు పడింది. అప్పటికి బడిలో మొదటి పీరియడు అయిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన ఆలస్యంగా పోయింది ఆ ఒక్కరోజే. హాజరుపట్టీలో సంతకం పెడుతుంటే హెడ్మాస్టరు ఆయన జుట్టులోంచి ఎండిన గంజి పెచ్చు ఒకటి తీసి, ఏమిటో అర్థం కాక, టేబులు మీద పెట్టాడు.

మూడు రోజుల తర్వాత సుబ్బులమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రేపు మాది సాచతా వుండాం. కుప్పుస్వామి లేసేదాకా నువ్వూ రావాల."

"పంకజాక్షి వస్తుంది గదక్కా. ఒకరు చాలు గదా?"

"ఆమె పోగు కాడికి వస్తాది. నీకు ఇప్పుడే పోగు ఇయ్యను. వెదురుకర్రలు మోసేదానికి రా."

మోశాడు. ఆ నెలలో నాలుగు పడుగులకు మోశాడు. అయిదో దానికి కుప్పుస్వామి లేచి తిరుగుతున్నాడు, అయినా ఈయన అయిదున్నరకు లేచి చొక్కా విప్పి బనీనుతో బయటికి వచ్చాడు. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. కర్రలు ఎక్కడ పెట్టాలో ఆయనకు అప్పటికే తెలుసు.

మార్గశిరంలో కుప్పుస్వామి మగ్గం ఎక్కాడు. పడుగు బాగానే సాగింది. పన్నెండు చీరలూ దిగాయి. షావుకారు అంచులు తిప్పితిప్పి చూసి, మరుసటి పడుగుకు నూలు మూట ఇచ్చి పంపాడు. మగ్గం పీకే మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు.

కాని నలభై ఒక్క ముడులు అనుకున్నది రాజారత్నం సారు లెక్క. ఆయన లెక్కలో రెండో మూడో తప్పాయి. నాలుగో చీర మధ్యలో మగ్గం చప్పుడు ఠక్కున ఆగింది. "రత్నం! నీదొకటి దొరికింది!" అని కుప్పుస్వామి వీధికంతా వినబడేలా కేక పెట్టాడు. ఎదురింట్లోంచి సుబ్బులమ్మ నవ్వు. ఆరో చీరలో మళ్ళీ ఆగింది, మళ్ళీ అదే కేక, మళ్ళీ అదే నవ్వు. రెండుసార్లూ కుప్పుస్వామే ముడి తీసి, పురి తిప్పుకుని, మగ్గం ఆడించుకున్నాడు. తమ్ముడు ముందుగదిలో హాఫియర్లీ పేపర్లు దిద్దుతూ, తల మరింత కిందికి వంచుకుని, ఎర్రసిరాతో ఎవరికో అర మార్కు ఎక్కువే వేశాడు.

తొమ్మిదో చీరలో ఆగింది. ఆదివారం, పొద్దున పదిగంటలవేళ. రాజారత్నం పెన్ను ఎత్తి కేక కోసం చూశాడు. కేక రాలేదు. మగ్గం మళ్ళీ మొదలుకానూ లేదు. వీధిలో ఎవరో చింతపండు అమ్ముకుంటూ పోయారు. ఇంకా మగ్గం మోగలేదు.

ఆయన పెన్ను మూత పెట్టి లోపలికి వెళ్ళాడు. కుప్పుస్వామి గుంతలో కాళ్ళు వేలాడేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అచ్చుకు అడ్డం పడిన ముడిని చూస్తూ కూర్చున్నాడు. జ్వరం పడి లేచిన మనిషి, బుగ్గలు ఇంకా నిండలేదు. తమ్ముణ్ణి చూసి గట్టు మీద కొంచెం పక్కకు జరిగాడు.

రాజారత్నం పంచె ఎగగట్టి, అన్న పక్కన కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించాడు. లోపల మట్టి చల్లగా ఉంది. "గంజి?" అన్నాడు.

కుప్పుస్వామి కొబ్బరిచిప్ప ముందుకు తోశాడు.